మాంట్రోజ్ మార్క్వెస్ రాజభక్తి: దాని మూలాలు, దాని హద్దులు

జేమ్స్ గ్రాహమ్ అనే మాంట్రోజ్ మార్క్వెస్ పేరు స్కాట్లాండ్ చరిత్రలో రాజభక్తికి మారుపేరుగా నిలిచిపోయింది. స్టూవర్ట్ రాజుల పక్షాన ఏడాది తిరగకుండా ఆరు యుద్ధాలు గెలిచి, 1650 మే 21న ఎడిన్‌బరో నడిబజారులో ఉరికంబం ఎక్కిన ఈ ప్రభువును ఆయన అభిమానులు మచ్చలేని వీరుడిగా చెప్పుకుంటూ వచ్చారు. ప్రత్యర్థులు మాత్రం ఆయనను మాట తప్పిన ద్రోహిగానే చూశారు. రాజు శాసనాన్ని ధిక్కరిస్తూ 1638లో వెలువడిన జాతీయ ఒడంబడిక మీద సంతకం చేసినవారిలో ఆయన కూడా ఉన్నాడు. ఆ మరుసటి ఏడాది రాజు పక్షం వహించిన అబర్డీన్ మీదికి సైన్యాన్ని నడిపించినవాడూ, 1640లో స్కాట్ సేనలు ఇంగ్లండ్ మీదికి వెళ్లినప్పుడు ట్వీడ్ నదిలోకి ముందుగా దిగినవాడూ ఆయనే. ఈ రెండు ముఖాలూ ఒకే మనిషివి ఎలా అయ్యాయన్నది తేలితే తప్ప ఆయన రాజభక్తి స్వభావం అర్థం కాదు. ఆయన పక్షం మారాడన్న మాటలో నిజం ఉంది. కానీ తాను నిలబడ్డ చోటే నిలబడి ఉన్నానని, తన చుట్టూ ఉన్న నేలే జరిగిపోయిందని ఆయన చివరిదాకా నమ్మాడు. ఆ నమ్మకానికి చెప్పుకోదగ్గ ఆధారమే ఉంది.

గ్రాహమ్ వంశం స్కాట్లాండ్‌లోని పాత ప్రభువంశాలలో ఒకటి. 1612లో పుట్టిన జేమ్స్, 1626లో తండ్రి మరణంతో పదునాలుగేళ్ల వయసుకే ఐదవ మాంట్రోజ్ ఎర్ల్ అయ్యాడు. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. అక్కడ విలువిద్య పోటీలో గెలిచిన పతకం ఆ విద్యాలయంలో నేటికీ ఉంది. పదిహేడేళ్లకే మాగ్డలీన్ కార్నెగీతో పెళ్లయింది. తరువాత మూడేళ్ల పాటు ఫ్రాన్స్, ఇటలీలలో తిరిగి 1636లో లండన్ చేరి చార్లెస్ రాజును దర్శించుకోబోతే, రాజు పెద్దగా పట్టించుకోలేదు. ఆ అవమానమే ఆయనను తిరుగుబాటుదారుల వైపు నెట్టిందని కొందరు రాశారు. ఒక యువప్రభువు మనసు నొచ్చుకోవడం సహజమే. కానీ 1637 నాటికి స్కాట్లాండ్‌లో ఏ అవమానమూ ఎరగని వాళ్లు కూడా రాజు మీద మండిపడుతున్నారు కాబట్టి, ఆ ఒక్క కారణంతో సరిపెట్టుకోలేం.

ఆ కోపానికి పునాది 1603లోనే పడింది. ఆ ఏడాది స్కాట్లాండ్ రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం కూడా ఎక్కి లండన్‌కు తరలిపోయాడు. రాజ్యాలు రెండూ వేరువేరుగానే ఉన్నాయి, పార్లమెంటులు వేరు, చట్టాలు వేరు, చర్చిలు వేరు. రాజు మాత్రం ఒక్కడు, ఆయన ఉండేది ఇంగ్లండ్‌లో. జేమ్స్ కొడుకు చార్లెస్ స్కాట్లాండ్‌లోనే పుట్టినా పసితనంలోనే దక్షిణాదికి వెళ్లిపోయినందున, తన జన్మభూమి తీరుతెన్నులు ఆయనకు వంటబట్టలేదు. గద్దెనెక్కిన 1625లోనే, పూర్వం చర్చి నుంచి ప్రభువుల చేతుల్లోకి పోయిన భూములను వెనక్కు తీసుకుంటానని ప్రకటించి భూస్వాములను బెదరగొట్టాడు. 1633లో పట్టాభిషేకానికి ఎడిన్‌బరో వచ్చినప్పుడు ఇంగ్లండ్ చర్చి పాటించే ఆంగ్లికన్ పద్ధతిలో క్రతువు జరిపించి, చర్చి మీద పెత్తనం బిషప్పులది కాక పెద్దల సభలదే కావాలనే ప్రెస్బిటేరియన్లను నొప్పించాడు. బిషప్పులకు రాజ్యపాలనలో పదవులు కట్టబెట్టాడు. చివరికి 1637లో, పార్లమెంటునూ చర్చి మహాసభనూ సంప్రదించకుండానే, ఇంగ్లండ్ నమూనాలో తయారైన కొత్త ప్రార్థన పుస్తకాన్ని స్కాట్లాండ్ మీద రుద్దాడు. జూలై 23న ఎడిన్‌బరోలోని సెయింట్ జైల్స్ చర్చిలో ఆ పుస్తకం తెరిచి చదవబోతే జనం గొడవకు దిగారు. ఆ గొడవ వీధుల్లోకి పాకి, నెలలు గడిచేకొద్దీ దేశమంతటా ఉద్యమంగా మారింది.

1638 ఫిబ్రవరి 28న ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ చర్చిలో సంతకాలు మొదలైన జాతీయ ఒడంబడిక ఈ ఉద్యమం నుంచి పుట్టిందే. అలెగ్జాండర్ హెండర్సన్ అనే మతబోధకుడు, ఆర్చిబాల్డ్ జాన్‌స్టన్ అనే న్యాయవాది కలిసి దాన్ని రాశారు. పోపు మతాన్ని తిరస్కరించిన 1581 నాటి ప్రకటనతో మొదలై, స్కాట్ పార్లమెంటు చేసిన పాత చట్టాలను ఏకరువు పెట్టి, చివర ప్రమాణంతో ముగిసే పత్రం అది. ఆ ప్రమాణంలో రెండు పాయలున్నాయి. నిజమైన మతాన్ని కాపాడతామన్నది ఒకటి. ఆ మతాన్నీ రాజ్య చట్టాలనూ రక్షించే పనిలో రాజునూ ఆయన అధికారాన్నీ కాపాడతామన్నది రెండోది. సంతకం పెట్టిన చాలామంది దృష్టి మొదటి పాయ మీదే ఉంది. రెండోదాన్ని మర్యాద కోసం చేర్చిన వాక్యంగా భావించినవాళ్లు కూడా లేకపోలేదు. మాంట్రోజ్ దాన్ని అక్షరాలా తీసుకున్నాడు. ఆయన జీవితంలో ఆ తరువాత జరిగినదంతా ఆ రెండో పాయ చుట్టూ అల్లుకున్నదే.

1641 నాటికి ఉద్యమం కోరినవన్నీ దాదాపు నెరవేరాయి. ప్రార్థన పుస్తకం పోయింది, బిషప్పులు పోయారు. పార్లమెంటు సమ్మతి లేకుండా ఉన్నతాధికారులను నియమించబోనని రాజు ఒప్పుకున్నాడు. మాంట్రోజ్ దృష్టిలో ఒడంబడిక పని అక్కడితో పూర్తయింది. ఆర్గైల్ ప్రభువు ఆర్చిబాల్డ్ క్యాంబెల్ దృష్టిలో మాత్రం అది మొదలు మాత్రమే. పశ్చిమ కొండసీమలో తిరుగులేని పెత్తనం ఉన్న క్యాంబెల్ వంశానికి ఆయన అధిపతి. వేల మంది సాయుధులను తన సొంత మాట మీద కదిలించగల మనిషి. ఉద్యమ పగ్గాలు క్రమంగా ఆయన చేతిలోకి పోతుండటం చూసిన మాంట్రోజ్, 1640 ఆగస్టులోనే మరికొందరు ప్రభువులతో కలిసి కంబర్నాల్డ్‌లో రహస్య పత్రం మీద సంతకం చేశాడు. కొద్దిమంది తమ లాభం కోసం ప్రజాకార్యాన్ని పక్కదారి పట్టిస్తున్నారన్నది దాని సారాంశం. అది బయటపడింది. రాజును పదవి నుంచి తొలగించే మాటలు ఆర్గైల్ ఆడాడన్న ఆరోపణ కూడా మాంట్రోజ్ వర్గం నుంచే వచ్చింది. ఆ మాటకు సాక్షిగా నిలిచిన జాన్ స్టూవర్ట్ తన వాంగ్మూలాన్ని వెనక్కు తీసుకున్నా తల పోగొట్టుకోక తప్పలేదు. మాంట్రోజ్ 1641 జూన్ నుంచి నెలల తరబడి ఎడిన్‌బరో కోటలో బందీగా గడిపాడు.

ఆ రోజుల నాటిదిగా, ఆయన ఆలోచనకు అద్దం పట్టేదిగా రాజ్యాధికారం మీద ఒక లేఖ మిగిలింది. రాతలో ఆయన బావ నేపియర్ ప్రభువు చెయ్యి ఉండవచ్చుననే వాదన ఉన్నా, అందులోని తర్కం మాంట్రోజ్ నడవడికతో చక్కగా సరిపోతుంది. ప్రతి రాజ్యంలోనూ అంతిమ అధికారం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. స్కాట్లాండ్‌లో అది రాజు దగ్గర ఉంది. ఆ రాజు దైవ నియమానికీ ప్రకృతి నియమానికీ దేశపు మూల చట్టాలకూ లోబడి ఉండాలి. రాజు అతి చేస్తే ప్రజలకు నష్టమే, కానీ రాజు బలహీనపడితే ఆ ఖాళీలోకి వచ్చేది ప్రజలు కాదు, బలమున్న ప్రభువులు. ఒక నిరంకుశుడి బదులు పదిమంది తయారవుతారు. ఇదీ ఆ లేఖలోని వాదన. ఇక్కడ గుడ్డి భక్తి ఏమీ లేదు. ఆర్గైల్ లాంటి ప్రభువును దగ్గర నుంచి చూసిన ఇంకో ప్రభువు వేసుకున్న లెక్క అది. మాంట్రోజ్ రాజభక్తిని రాజు మీది ప్రేమగా మాత్రమే చూసేవారు ఈ లెక్కను వదిలేస్తారు. అది వదిలేస్తే మనిషిలో సగం పోతుంది.

1643లో ఇంగ్లండ్‌లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జోరుగా సాగుతుండగా, కవెనెంటర్లుగా పేరుపడ్డ ఒడంబడిక పక్షంవారు లండన్ పార్లమెంటుతో మరో ఒప్పందం చేసుకున్నారు. నెలకు 30,000 పౌండ్ల ఖర్చు పార్లమెంటు భరిస్తే స్కాట్ సైన్యం దాని తరఫున పోరాడుతుంది. బదులుగా ఇంగ్లండ్ చర్చిని సంస్కరిస్తారు. 1638 పత్రం స్కాట్లాండ్ తన హక్కులను కాపాడుకోవడానికి రాసుకున్నది. 1643 ఒప్పందం పొరుగు రాజ్యపు అంతర్యుద్ధంలో రాజుకు ఎదురుగా సైన్యాన్ని దింపేది. మాంట్రోజ్ మొదటిదానికి కట్టుబడి ఉన్నానన్నాడు, రెండోదాని మీద సంతకం చేయలేదు. 1644లో చార్లెస్ ఆయనను స్కాట్లాండ్‌లో తన సేనాధిపతిగా నియమించి, మార్క్వెస్ బిరుదు ఇచ్చాడు. బిరుదు దొరికింది కానీ సైన్యం దొరకలేదు. మార్స్టన్ మూర్ ఓటమి తరువాత ఇంగ్లండ్ నుంచి ఇచ్చేందుకు రాజు దగ్గర మనుషులే లేరు. ఆగస్టులో మాంట్రోజ్ గుర్రపు కాపరి వేషంలో, ఇద్దరే తోడుగా, సరిహద్దు దాటి స్కాట్లాండ్‌లో అడుగుపెట్టాడు.

బ్లెయిర్ అథోల్ దగ్గర ఆయనకు అలాస్టర్ మెక్‌కొల్లా కలిశాడు. ఐర్లండ్ నుంచి ఆంట్రిమ్ ప్రభువు పంపిన సుమారు రెండు వేల మంది ఆరితేరిన సైనికులు మెక్‌కొల్లా వెంట ఉన్నారు. వారితోపాటు క్యాంబెల్లంటే పీకల దాకా పగ ఉన్న మెక్‌డొనాల్డ్ వంశీకులు, ఇతర కొండసీమ తెగలు చేరాయి. సెప్టెంబరు 1న పెర్త్ పొలిమేరల్లో టిప్పర్‌మ్యూర్ దగ్గర తొలి విజయం. రెండు వారాలకే అబర్డీన్ యుద్ధం. అక్కడ నగరానికి సంధి రాయబారం పంపినప్పుడు, దూతతో వెళ్లిన డప్పు కుర్రాడిని ఎవరో కాల్చి చంపారు. ఆగ్రహించిన మాంట్రోజ్, యుద్ధం గెలిచాక నగరాన్ని దోపిడికి వదిలేశాడు. రోజుల తరబడి నిరాయుధులైన పౌరులు చచ్చారు, ఆడవాళ్లు చెరపట్టబడ్డారు. అబర్డీన్ 1639లో రాజు పక్షాన నిలిచి, ఇదే మాంట్రోజ్ చేతిలో ఒడంబడికకు తలవంచిన ఊరు. రాజభక్తి ఉన్న నగరాన్ని ఒకసారి ఒడంబడిక పేరుతో లొంగదీసి, ఐదేళ్లకు రాజు పేరుతో రక్తంలో ముంచిన చేతులు ఒకరివే. డప్పు కుర్రాడి చావు కోపానికి కారణమవుతుంది, ఆ ఊచకోతకు సమర్థన కాదు. ఆయన జీవితంలో ఇది చెరగని మచ్చ, దీన్ని పక్కన పెట్టి రాసిన వీరగాథలు సగం నిజమే చెప్పాయి.

ఆయన సైనిక ప్రతిభకు పరాకాష్ఠ 1645 ఫిబ్రవరి 2 నాటి ఇన్వర్‌లాఖీ యుద్ధం. ఆ చలికాలంలో ఆయన సేన క్యాంబెల్ల గుండెకాయ వంటి ఇన్వరేరీని కొల్లగొట్టి ఉత్తరానికి సాగుతోంది. గ్రేట్ గ్లెన్ లోయలో ఉండగా వార్త అందింది: వెనుక ఇన్వర్‌లాఖీలో మూడు వేల మందితో ఆర్గైల్, ముందు ఇన్వర్‌నెస్‌లో అంతకంటే పెద్ద బలగంతో ఒడంబడిక పక్షపు ప్రభువు సీఫోర్త్. లోయ దారికి రెండు కొసలా శత్రువే. అప్పుడు ఆయన దగ్గర ఉన్నది పదిహేను వందల మందికి అటూఇటుగా. ఉత్తరాన ఉన్న సీఫోర్త్‌ను వదిలి వెనక్కి తిరిగాడు. లోయ దారిన వెళ్తే వేగులు పసిగడతారని, నడుములోతు మంచు పేరుకున్న కొండల మీదుగా సైన్యాన్ని నడిపించాడు. దారి చూపడానికి ఆ కొండల్లో పుట్టి పెరిగినవాళ్లున్నారు. తిండి అంటే ఓట్స్ పిండిని చన్నీళ్లలో కలుపుకుని తాగడమే. రెండో రాత్రి బెన్ నెవిస్ వాలులో, మంట రాజేస్తే కింద శత్రువుకు కనబడుతుందని, నిప్పు లేకుండా ఆయుధాలు పట్టుకునే గడిపారు. తెల్లవారి బూరలు మోగేదాకా తమ మీదికి వచ్చింది మాంట్రోజ్ అసలు సేనేనని క్యాంబెల్లకు తెలియలేదు. అంతకుముందు గుర్రం మీంచి పడి గాయపడిన ఆర్గైల్, సేనాపతిగా తన బంధువు ఆఖిన్‌బ్రెక్‌ను నిలిపి తాను సముద్రపు పాయలో ఓడ ఎక్కాడు. అక్కడి నుంచే తన వాళ్లు సుమారు పదిహేను వందల మంది నేలకూలడం చూశాడు.

గెలిచిన మరునాడే మాంట్రోజ్ రాజుకు లేఖ రాశాడు. అప్పుడు చార్లెస్ తన దూతల ద్వారా అక్స్‌బ్రిడ్జ్‌లో పార్లమెంటు ప్రతినిధులతో సంధి మాటలు సాగిస్తున్నాడు. తిరుగుబాటుదారులతో బేరాలు వద్దని, ఈ దేశాన్ని త్వరలోనే లోబరచుకుంటానని లేఖలో చెబుతూ, బైబిల్లోని సేనాధిపతి యోవాబు దావీదుకు పంపిన సందేశాన్ని గుర్తుచేశాడు: నీవే స్వయంగా రా, లేకపోతే ఈ ప్రాంతానికి నా పేరు పడుతుంది. ఆత్మవిశ్వాసం నిండిన మాట. కానీ నాలుగు నెలలకు నేజ్బీలో రాజు సైన్యం తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి, సంధికి మిగిలిన కొద్దిపాటి అవకాశాన్ని చెడగొట్టిన సలహాగా కూడా దీన్ని చూడాలి. ఉత్తరాన గెలుపులు ఎంత గొప్పవైనా, యుద్ధం తేలేది ఇంగ్లండ్‌లోనని అంత దూరదృష్టి ఉన్న మనిషికి ఆ గెలుపు వేడిలో తోచలేదు.

ఆల్డర్న్, ఆల్ఫర్డ్ విజయాల తరువాత 1645 ఆగస్టు 15న కిల్‌సైత్‌లో కవెనెంటర్ల ఆఖరి పెద్ద సైన్యాన్ని ఆయన చిత్తు చేశాడు. గ్లాస్గో తలుపులు తెరిచింది, ఎడిన్‌బరో బందీలను వదిలింది. కాగితం మీద స్కాట్లాండ్ అంతా ఆయనదే. నెల తిరగకముందే అదంతా కరిగిపోయింది. దీనికి దురదృష్టం కాదు, ఆయన సైన్యపు కూర్పే కారణం. కొండసీమ వంశీకులు వచ్చింది రాజు కోసం కన్నా క్యాంబెల్ల మీద పగ తీర్చుకోవడానికి. పంట కోతల వేళకు, దోచింది ఇంట్లో దించడానికి వాళ్లు వెళ్లిపోయారు. మెక్‌కొల్లా కూడా ఆర్గైల్ సీమ మీద సొంత యుద్ధానికి తరలిపోయాడు. ఆయన పక్షాన పోరాడిన గోర్డన్ వంశీకులు అలిగి ఇంటిదారి పట్టారు. వాళ్ల స్థానంలో రావలసిన లోలాండ్ అనే పల్లపు ప్రాంతపు జనం రాలేదు. కాథలిక్కులు ప్రొటెస్టెంట్లను చంపిన 1641 నాటి ఐర్లండ్ తిరుగుబాటు కథలు విని వణికిన ప్రెస్బిటేరియన్ రైతుకు, ఐరిష్ కాథలిక్కులను వెంటేసుకుని వచ్చినవాడు నేను ఒడంబడికకు కట్టుబడ్డవాడినే అంటే నమ్మబుద్ధి కాలేదు. ఏ సైన్యం లేకుండా ఆయన ఒక్క యుద్ధమూ గెలవలేకపోయేవాడో, ఆ సైన్యమే ఆయన రాజకీయాన్ని ఓడించింది.

సెప్టెంబరు 13న సెల్కర్క్ దగ్గర ఫిలిప్‌హాలో, పొగమంచు వేళ, కవెనెంటర్ల సేనాని డేవిడ్ లెస్లీ అశ్వికదళం ఆయన మిగిలిన కొద్దిపాటి సేన మీద పడింది. ప్రాణభిక్ష మాట మీద లొంగిన ఐరిష్ సైనికులను తరువాత చంపారు, శిబిరంలోని ఆడవాళ్లనూ పిల్లలనూ వదల్లేదు. అబర్డీన్‌లో జరిగిన దారుణాన్ని ఎత్తిచూపిన పక్షమే ఈ పని చేసింది. 1646లో చార్లెస్ స్కాట్ సైన్యానికి తనను తాను అప్పగించుకుని, ఆయుధాలు దించమని మాంట్రోజ్‌ను ఆదేశించాడు. మాంట్రోజ్ ఆ ఆజ్ఞను పాటించి సెప్టెంబరులో నార్వేకు ఓడ ఎక్కాడు. ఈలోగా పద్నాలుగేళ్ల పెద్ద కొడుకు యుద్ధయాత్రలోనే చనిపోయాడు. రెండో కొడుకు బడిలో ఉండగా ప్రత్యర్థుల చేత చిక్కాడు.

ప్రవాసంలో పవిత్ర రోమన్ చక్రవర్తి మూడవ ఫెర్డినాండ్ ఆయనకు ఫీల్డ్ మార్షల్ పదవి ఇచ్చాడు. అక్కడే స్థిరపడి గౌరవంగా బతకగలిగేవాడు. 1649 జనవరి 30న చార్లెస్‌కు లండన్‌లో శిరచ్ఛేదం జరిగిందన్న వార్తతో ఆ దారి మూసుకుపోయింది. వార్త విని స్పృహ తప్పాడని, తేరుకున్నాక ఆ రాజు స్మృతిగా పద్యం రాశాడని సమకాలికులు చెప్పారు. కొత్త రాజు రెండవ చార్లెస్ వయసు అప్పటికి పద్దెనిమిది. ఆయన ముందు రెండు దారులున్నాయి: మాంట్రోజ్ చేత స్కాట్లాండ్‌ను జయించడం, లేదా ఆర్గైల్ వర్గంతో రాజీపడి వాళ్ల షరతుల మీద సింహాసనం తీసుకోవడం. ఆయన రెండింటినీ ఒకేసారి నడిపాడు. 1650 జనవరిలో మాంట్రోజ్‌కు ఇంగ్లండ్ రాజు ఇచ్చే అత్యున్నత వీరపురస్కారమైన గార్టర్ పతకం పంపి దండయాత్రకు ప్రోత్సహిస్తూనే, కవెనెంటర్లతో చర్చలకు ఒప్పుకున్నాడు. మాంట్రోజ్ కత్తి ఆయనకు బేరంలో వేసే తూకపురాయి మాత్రమే.

ఆర్క్‌నీ దీవుల నుంచి సుమారు 1,200 మందితో ప్రధాన భూభాగంలో దిగిన మాంట్రోజ్ ఏప్రిల్ 27న కార్బిస్‌డేల్‌లో ఓడిపోయాడు. యుద్ధమే ఎరగని దీవివాసులు గుర్రపు దళాన్ని చూడగానే చెదిరిపోయారు. రోజుల తరబడి ఆకలితో కొండల్లో తిరిగి, చివరికి అసింట్ ప్రాంతపు దొర నీల్ మెక్లౌడ్ కోటకు చేరితే, అక్కడి నుంచి ప్రభుత్వానికి అప్పగించబడ్డాడు. దానికి 25,000 స్కాట్ పౌండ్ల బహుమానం, అందులో కొంత ఓట్స్ పిండి రూపంలో. మే 1న నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో కవెనెంటర్లతో ఒప్పందం కుదుర్చుకున్న రెండవ చార్లెస్, మాంట్రోజ్ దండయాత్రతో తనకు సంబంధం లేనట్లు ప్రవర్తించాడు. పని తీరాక కూరలో కరివేపాకును తీసిపారేసినట్లు తీసిపారేశాడనడం ఏమాత్రం కఠినమైన మాట కాదు.

1645లోనే పార్లమెంటు ఆయనను ద్రోహిగా తీర్మానించినందున వేరే విచారణ జరగలేదు. మే 18న బండిలో చేతులు కట్టేసి, తలారిని ముందు కూర్చోబెట్టి ఎడిన్‌బరో వీధుల్లో ఊరేగించారు. రాళ్లు రువ్వుతారని అధికారులు ఆశించిన జనం చాలావరకు మౌనంగా ఉండిపోయారు. మే 20న పార్లమెంటు ఎదుట ఆయన చెప్పిన సమాధానం జీవితమంతటి వాదనకు కుదింపు. 1638 ఒడంబడికను తాను ఎన్నడూ మీరలేదని, 1643 నాటి దానిపై తాను ప్రమాణం చేయలేదు గనుక దాన్ని తప్పే ప్రసక్తే లేదని, కత్తి పట్టినది రాజాజ్ఞ మేరకేనని చెప్పాడు. మరునాడు ముదురు ఎరుపు అంగీలో, తెల్లని చేతితొడుగులతో ఉరికంబం దగ్గరికి వెళ్లాడు. జార్జ్ విషార్ట్ లాటిన్‌లో రాసిన ఆయన యుద్ధాల చరిత్ర పుస్తకాన్ని అవమానంగా మెడకు కట్టారు. గార్టర్ పతకం కన్నా దీన్నే ఎక్కువ గౌరవంగా భావిస్తానన్నాడని చెబుతారు. తలను టోల్‌బూత్ జైలు కప్పు మీది ఇనుప ములుకుకు గుచ్చి, కాళ్లూ చేతులూ నాలుగు పట్టణాలకు పంపారు.

నెల తిరగగానే రెండవ చార్లెస్ స్కాట్లాండ్‌లో దిగి, మాంట్రోజ్ నిరాకరించిన 1643 ఒప్పందంతో సహా రెండింటి మీదా ప్రమాణం చేశాడు. 1651 జనవరి 1న స్కోన్‌లో ఆయన తలపై కిరీటం పెట్టింది ఆర్గైల్. ఇంగ్లండ్ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ చేతిలో ఆ రాజ్యం పోయి, 1660లో మళ్లీ గద్దె దక్కాక లెక్కలు తారుమారయ్యాయి. 1661 మే 11న మాంట్రోజ్ అవశేషాలకు సెయింట్ జైల్స్‌లో రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మే 27న ఆర్గైల్ తల నరికి, పదకొండేళ్లు మాంట్రోజ్ తల ఉన్న ఆ ములుకుకే గుచ్చారు. మాంట్రోజ్ కొడుకు, రెండవ మార్క్వెస్, ఆర్గైల్ మీద తీర్పు చెప్పే ఓటింగులో పాల్గొనలేదు. తన మనసులో ఉన్న ద్వేషంతో న్యాయంగా తీర్పు చెప్పలేనన్నది ఆయన చెప్పిన కారణం. తండ్రి రాజకీయం కన్నా కొడుకు సంయమనం ఎక్కువ గౌరవానికి తగినదని అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఆ అంత్యక్రియలకు డబ్బిచ్చిన ప్రభుత్వమే బిషప్పులను తిరిగి తెచ్చింది. 1662లో స్కాట్ పార్లమెంటు 1643 ఒప్పందంతోపాటు 1638 జాతీయ ఒడంబడికను కూడా చట్టవిరుద్ధమని ప్రకటించి, పదవుల్లో ఉండేవారంతా ఆ రెండింటినీ తోసిపుచ్చుతూ సంతకం చేయాలని శాసించింది. మాంట్రోజ్ బతికి ఉంటే, మరణానికి ముందు రోజు పార్లమెంటు ఎదుట తాను మీరలేదని చెప్పిన ప్రమాణాన్ని, తాను ఎవరి కోసం చనిపోయాడో ఆ రాజు ఆజ్ఞ మీదనే వదులుకోవలసి వచ్చేది.